విండో స్థాననిర్ణయము - సిస్టము సెట్టింగుల పఠనము

మన శాఖయందలి పరిశోధక విద్యార్థులు ఇప్పుడు పాఠాంతరములను చీటీలపై వ్రాయుట లేదు. చీటీల పెట్టె ఉండెడి చోట కంప్యూటరు వచ్చి కూర్చున్నది. తాళపత్రప్రతుల ఛాయాచిత్రములను ఒక విండోలోను, ముద్రితపాఠమును మరియొక విండోలోను, తాము వ్రాసికొను పాఠాంతరముల పట్టికను మూడవ విండోలోను తెరచి, మూడింటిని ప్రక్కప్రక్కన చూచుచు పనిచేయుచున్నారు. ఈ పనికై కొన్ని యేండ్ల క్రిందట నేనొక చిన్న ప్రోగ్రాము వ్రాసి యిచ్చితిని. అది మైక్రోసాఫ్టువారి విండోస్‌పై, డాట్‌నెట్ వసతులతో నడచునది. ఆ ప్రోగ్రామునందు నేను చేసిన రెండు తప్పులే ఈ వ్యాసమునకు మూలము. మొదటి తప్పు వెంటనే బయటపడినది. దానివలన ఒక విద్యార్థినికి ఒక దినము వ్యర్థమైనది. రెండవది ఎవ్వరి కంటను పడలేదు. దానివలన ఎనిమిది నెలల పట్టిక చెడినది. ఇట్టి ప్రోగ్రాములను స్వయముగా వ్రాసికొను విద్యార్థులు ఇప్పుడు పెక్కుశాఖలలో నున్నారు. వారికి పనికివచ్చునని ఈ విషయమును వివరించుచున్నాను.

మొదట జరిగినది చెప్పెదను. ఆ విద్యార్థిని ఒక సదస్సునందు తన పట్టికను ప్రొజెక్టరుపై చూపినది. ప్రొజెక్టరు కంప్యూటరునకు రెండవ తెర. ప్రసంగము ముగిసిన పిదప విండో ఆ రెండవ తెరపై నుండగనే దానిని మూసివేసినది. మరునాడు శాఖకు వచ్చి ప్రోగ్రామును తెరచినది. క్రింది పట్టీపై ప్రోగ్రాము గుర్తు వెలిగినది గాని తెరపై ఏమియు లేదు. మరల తెరచినను అంతే. మూడు నెలల కృషి నశించినదని తలచి, నావద్దకు వచ్చునప్పటికే ప్రథమాశ్వాసపు పాఠాంతరములను తిరిగి చీటీలపై వ్రాయ నారంభించి యుండెను. నిజమునకు పట్టిక ఎచ్చటికిని పోలేదు. విండో తెరువబడినది, కాని నిన్న ప్రొజెక్టరు ఉండిన చోట, నేడు ఏ తెరయు లేని చోట తెరువబడినది.

విండో అను మాటను గూర్చి ఒక ముక్క. ఈ ఇంగ్లీషు పదము పాత నార్సు భాషలో ‘గాలి కన్ను’ అను అర్థముగల సమాసమునుండి వచ్చినదని నిఘంటుకారులు చెప్పుదురు. మన గవాక్షమునందును కన్ను కలదు. గవాక్షమనియే వాడవలెనని నాకు కోరిక కలదు గాని, మా విద్యార్థులెవ్వరును ఆ మాట వాడరు. వాడుకలో లేని మాటతో వాడుకలోని వస్తువును వివరింపబూనినచో వస్తువు మరుగుపడును. కావున విండో యనియే వ్రాయుచున్నాను.

తెర యనునది పిక్సెళ్ళనబడు బిందువుల వరుసలు. నేడు సామాన్యముగా కనబడు తెరలలో ఒకటి అడ్డముగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్ళు కలది. విండోస్ లెక్కలో ప్రధానమానిటరుయొక్క ఎడమవైపు పైమూల సున్న, సున్న. అచ్చటినుండి కుడికి పోయినకొలది మొదటి సంఖ్యయు, క్రిందికి దిగినకొలది రెండవ సంఖ్యయు పెరుగును. బడిలో గీసిన గ్రాఫుకాగితమున పైకి పోయినకొలది సంఖ్య పెరిగెడిది, ఇచ్చట తలక్రిందు. పుట చదువువాని చూపు ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి సాగునట్లు ఈ లెక్కయు సాగునని తలచినచో మరపు రాదు. ఒక విండో ఎచ్చటనున్నదో చెప్పుటకు దాని ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు అను నాలుగు సంఖ్యలు చాలును.

మానిటరు ఒక్కటియే యున్నంతకాలము ఈ లెక్క సులభము. 1998లో విండోస్ 98 ఒకే కంప్యూటరునకు పలు మానిటర్లను చేర్చు వసతితో వెలువడినది. మానిటర్లు రెండైనను లెక్క ఒక్కటియే. రెండవది కుడివైపున నున్నచో దాని ఎడమ అంచు 1920 వద్ద మొదలగును. ఎడమవైపున నున్నచో దాని సంఖ్యలు సున్నకు తక్కువైన ఋణసంఖ్యలగును. ఒక మానిటరును ఊడదీసినచో ఆ సంఖ్యలు గల ప్రదేశమే లేకుండ పోవును. నా ప్రోగ్రాము విండోను మూయునపుడు దాని స్థానమును ఒక ఫైలులో వ్రాసికొని, మరల తెరచునపుడు అచ్చటనే ఉంచునట్లు వ్రాసితిని. చదువువాడు ఎచ్చట పెట్టుకొన్నాడో అచ్చటనే కనబడుట సౌకర్యమని నా తలంపు. ఆ తలంపు తప్పు కాదు. సదస్సు దినమున ఫైలులో పడిన 2100 అను సంఖ్యయు ఆనాటికి నిజమే. దానిని మరునాటికి గూడ నిజమని నమ్మి, తెర యున్నదో లేదో అడుగకపోవుట తప్పు.

దీనికి నేను మొదట చేసిన సవరణ మరియొక తప్పునకు దారితీసినది. ప్రధానమానిటరు హద్దులను దాటిన ప్రతి సంఖ్యను హద్దులోనికి తెచ్చితిని. సున్నకు తక్కువైనదానిని సున్న చేసితిని. ఎడమవైపున రెండవ తెర పెట్టుకొన్న సహోద్యోగి ఒకరు, తాము దినమును విండోను ఎడమతెరకు లాగుకొనుటయు, మరునాడు అది మరల ప్రధానమానిటరుపైకి వచ్చుటయు పదునైదు దినములు సహించి, పిదప నన్ను అడిగిరి. ఋణసంఖ్య కనబడినంతనే తప్పని త్రోసివేయరాదు. సంఖ్యను చూచి తీర్పు చెప్పుట గాక, ఆ సంఖ్య గల చోట ఇప్పుడొక తెర యున్నదా యని సిస్టమును అడుగవలెను. డాట్‌నెట్‌నందు స్క్రీన్ అను పేరుతో ఒక వర్గము కలదు. దానిలోని ఆల్‌స్క్రీన్స్ అనునది అప్పటికి తగిలించియున్న మానిటర్ల నన్నింటిని, ఒక్కొక్కదాని హద్దులతో జాబితాగా ఇచ్చును. వ్రాసి యుంచిన నాలుగు సంఖ్యలను ఆ జాబితాతో పోల్చి, విండో పైపట్టీలో మౌసుతో పట్టుకొనుటకు చాలినంత భాగమైనను ఏదో ఒక తెరపై పడుచున్నదో లేదో చూడవలెను. ఒక మూల ఇంచుక తగిలినంత మాత్రమున చాలదు. పైపట్టీ అందనిచో లాగుకొనుటకు వీలుండదు. పడకున్నచో దగ్గరి మానిటరుపైకి తేవలెను.

ఇచ్చట క్రొత్తవారిని తికమకపెట్టు చిక్కొకటి కలదు. విండో చూపకముందు దాని లొకేషన్ అను గుణమునకు స్థానమును చెప్పినను, స్టార్ట్‌పొజిషన్ అను వేరొక గుణమును మాన్యువల్ అని మార్చనిచో, సిస్టము మన మాటను ప్రక్కనబెట్టి తనకు తోచినచోట విండోను తెరచును. నా విద్యార్థులలో ఇద్దరు ఈ ఒక్క కారణముచేత తమ లెక్కలన్నియు తప్పని తిరిగి వ్రాసిరి.

మానిటరు హద్దు వేరు, పనిచోటు వేరు. క్రిందనుండు టాస్కుబారు కొంత స్థలమును ఆక్రమించును. విండోస్ 10నందు సామాన్యపు పరిమాణమున దాని యెత్తు 40 పిక్సెళ్ళు. కావున 1080 పిక్సెళ్ళ తెరయందు మనకు దక్కునది 1040. దీనినే వర్కింగ్ ఏరియా అందురు. మానిటరు పూర్తి యెత్తును తీసికొని విండోను సాగదీసినచో, పట్టిక అడుగువరుస టాస్కుబారు వెనుక పడును.

చిన్నదిగా మడిచిన విండో విషయమున ఇంకొక విచిత్రము కలదు. మడిచినపుడు విండోస్ దానిని -32000, -32000 అను చోటికి, అనగా ఏ తెరకును అందనంత దూరమునకు పంపును. విండో మడచియుండగనే ప్రోగ్రామును మూసినచో, స్థానము వ్రాసికొను ప్రోగ్రాము ఈ సంఖ్యలనే శ్రద్ధగా వ్రాసికొనును! మడవక ముందుండిన స్థానమును రిస్టోర్‌బౌండ్స్ అను గుణము చెప్పును. వ్రాసి యుంచవలసినది దానిని.

డాట్‌నెట్‌ను విడిచి విండోస్‌యొక్క మూలఫంక్షన్లతో పనిచేయువారికి మరియొక హెచ్చరిక. గెట్‌విండోప్లేస్‌మెంట్ అను ఫంక్షను చెప్పు స్థానము పనిచోటుయొక్క మూలనుండి లెక్కించినది. సెట్‌విండోపాస్ అను ఫంక్షను కోరు స్థానము తెర మూలనుండి లెక్కించినది. టాస్కుబారు క్రిందనున్నచో ఈ రెండు మూలలు ఒక్కటియే; భేదము తెలియదు. టాస్కుబారును పైకి పెట్టుకొన్నవారి యంత్రమున భేదము 40 పిక్సెళ్ళు. మొదటి ఫంక్షనుతో అడిగి రెండవదానితో ఉంచినచో, ప్రోగ్రామును తెరచిన ప్రతిసారి విండో 40 పిక్సెళ్ళు పైకి ప్రాకును. పది దినములకు 400. 2021లో విండోస్ 11 వెలువడినపుడు టాస్కుబారును పైకి మార్చుకొను వసతిని తీసివేసిరి. అందుచేత క్రొత్త యంత్రములపై మాత్రమే పరీక్షించువారికి ఈ తప్పు కనబడక పోవచ్చును. ఏ ఫంక్షనుతో అడిగితిమో దాని జంటయైన సెట్‌విండోప్లేస్‌మెంట్‌తోనే ఉంచినచో చిక్కు లేదు.

స్థానము కుదిరినను పరిమాణము మిగిలి యుండును. విండోస్‌నందు 100 శాతము పరిమాణమనగా అంగుళమునకు 96 బిందువులని లెక్క. అక్షరములు పెద్దవిగా కనబడవలెనని 125 శాతము పెట్టుకొన్నచో 120, 150 శాతమైనచో 144 అగును. తనకు ఈ భేదము తెలియునని ముందుగా ప్రకటింపని ప్రోగ్రామునకు సిస్టము ఎల్లప్పుడు 96 అనియే చెప్పి, అది గీసిన బొమ్మను తాను సాగదీసి చూపును. అట్టి విండోలలో అక్షరములు మసకగా నుండుట కిదియే కారణము. 2013లో వచ్చిన విండోస్ 8.1 నుండి ఒక్కొక్క మానిటరునకు ఒక్కొక్క శాతము ఉండవచ్చును. విండోను ఒకదానినుండి మరియొకదానికి లాగినపుడు సిస్టము ప్రోగ్రామునకు కబురు పంపును. తగిన క్రొత్త కొలతలను ఆ కబురులోనే సూచించును. వానిని అంగీకరించుట మేలు. స్వంతలెక్క వేయబూనినవారు రెండు మానిటర్ల నడుమ విండో ఊగులాడుట చూచియే యుందురు.

తెలుగువారికి ఈ కొలతల విషయము ఇంకను ముఖ్యము. మన లిపిలో వట్టులు క్రిందికి దిగును; గుడులు, ఏత్వములు పైకి లేచును. ‘రాష్ట్రము’ వంటి మాటలో వట్టుక్రింద వట్టు. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవునట్లు వరుస యెత్తును స్థిరముగా నిర్ణయించిన పట్టికలో మన వట్టు తెగిపోవును. ఇది అందమునకు సంబంధించినదని కొందరందురు. నేనొప్పుకొనను. వట్టు తెగినచో ‘పుట్ట’ ‘పుట’ యగును. పాఠాంతరముల పట్టికలో అది వేరొక పాఠము! పైగా ఫాంటు అన్ని యంత్రములయందును ఒకటి కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, 2009లో విండోస్ 7తో వాణి, 2012లో విండోస్ 8తో నిర్మల యూఐ వచ్చినవి. వీని యెత్తులు సమానములు కావు. కావున వరుస యెత్తును మన యూహనుండి గాక, ఆ యంత్రమున నిజముగా వాడబడు ఫాంటును కొలిచి నిర్ణయింపవలెను.

ఈ కొలుచుటతో మనము స్థానమును దాటి సెట్టింగులలోనికి వచ్చితిమి. ఫాంటు, పరిమాణశాతము, తేదీ వ్రాయు పద్ధతి, సంఖ్యలలో కామాల వాడుక, రంగులు - ఇవి యన్నియు కంప్యూటరు వాడువాడు తన యిష్టమునుబట్టి, దేశాచారమునుబట్టి పెట్టుకొన్న ఏర్పాటులు. ప్రోగ్రాము వానిని చదివికొని నడచుకొనవలెను గాని మార్చరాదు. మార్చుటకు ఫంక్షన్లు లేకపోలేదు. కాని ఒకరి యింటికి అతిథిగా పోయి వారి దేవుని పటము ఏ గోడకు ఉండవలెనో మనము నిర్ణయింపము గదా!

చదువుటకును ఒక మర్యాద కలదు. పూర్వము ఈ ఏర్పాటులు విన్ డాట్ ఐఎన్‌ఐ అను సామాన్యమైన పాఠ్యఫైలులో ఉండెడివి. తేదీ, సంఖ్యల పద్ధతులకు అందొక విభాగము. 1995లో విండోస్ 95 వచ్చునప్పటికి ఇట్టి ఏర్పాటులకు రిజిస్ట్రీ యను భాండారము ముఖ్యస్థానమైనది. ఫైలును తామే తెరచి చదువుకొన్న ప్రోగ్రాములకు అది చిక్కైనది. ఫంక్షను ద్వారా సిస్టమును అడిగినవానికి కాలేదు. నేడు రిజిస్ట్రీని నేరుగ చదువువారికిని ఇదియే సమాధానము. ఏర్పాటు ఎచ్చట దాచబడినదను విషయము సిస్టముది. ఏర్పాటు ఏమి యను ప్రశ్న మాత్రమే మనది.

నా రెండవ తప్పు ఇచ్చటిది. విద్యార్థులు ఒక్కొక్క పాఠాంతరము ప్రక్కన ప్రతిని చూచిన తేదీని గూడ నమోదు చేయుదురు. ఒకే ప్రతిని రెండుమారులు చూచి, రెండవమారు పాఠమును దిద్దినచో, తరువాతి తేదీగల పాఠమే నిలుచునట్లు ప్రోగ్రామును వ్రాసితిని. తేదీని ఫైలులో వ్రాయునపుడు ఆ యంత్రపు సెట్టింగు ఎట్లున్నచో అట్లు వ్రాయబడినది, చదువునపుడును అట్లే. శాఖలోని యంత్రములు భారతీయ పద్ధతిలో ముందు దినము, పిదప నెల వ్రాయునవి. పట్టికలను కలిపి అచ్చుప్రతి తీయుచుండిన వేరొక యంత్రము అమెరికా పద్ధతిలో ముందు నెల, పిదప దినము చదువునది. ఫిబ్రవరి 11న చూచిన పాఠము, మార్చి 4న దిద్దబడినది. రెండవ యంత్రము మొదటిదానిని నవంబరు 2 అనియు, రెండవదానిని ఏప్రిల్ 3 అనియు చదివినది. అందువలన దిద్దుబాటు పోయి, విద్యార్థి తానే తప్పని గ్రహించి విడిచిన పాఠము మరల పట్టిక కెక్కినది.

ఈ తప్పు అంతకాలము దాగియుండుటకు కారణము విచారింపదగినది. దినము 12కు మించిన తేదీని తారుమారు చేసి చదువుటకు వీలు లేదు. పదమూడవ నెల లేదు గదా. అట్టిచోట సిస్టము తప్పని మొరాయించును. కాని మొరాయించినపుడు గడిని ఖాళీగా విడువుమని నేనే వ్రాసితిని. ఖాళీలను చూచి విద్యార్థులు తేదీ వ్రాయుట మరచితిమనుకొనిరి. 365 దినముల సంవత్సరమున రెండువిధములుగ చదువుటకు వీలైన తేదీలు 144. అందు జనవరి 1, ఫిబ్రవరి 2 వంటి పండ్రెండింటికి ఎట్లు చదివినను హాని లేదు. మిగిలిన 132 తేదీలు ఏ సవ్వడియు లేకుండ మారిపోవును. 221 తేదీలు మొరాయించును. మొరాయించు 221 గల తప్పు నిజమునకు మొదటి వారముననే బయటపడవలసినది. దాని నోరు మూసినది నా ఖాళీగడి.

సవరణ రెండు పంక్తులు. దాచుకొను తేదీ యంత్రపు ఏర్పాటులతో సంబంధము లేకుండ, ముందు సంవత్సరము, పిదప నెల, పిదప దినముగా, 2023-03-04 అను రూపమున ఉండవలెను. ఐఎస్‌ఓ 8601 అను అంతర్జాతీయ ప్రమాణము 1988 నుండియు ఇదియే చెప్పుచున్నది. డాట్‌నెట్‌నందు ఇన్వేరియంట్ కల్చర్ అనునది ఇట్టి పనికే ఏర్పడినది. తెరపై చూపునపుడు మాత్రము వాడువాని సెట్టింగును చదివి ఆతని పద్ధతిలో చూపవలెను. సంఖ్యలకును ఇదియే విధి. మన పద్ధతిలో కుడినుండి మొదట మూడంకెలకు, పిదప రెండేసి అంకెలకు కామా; విండోస్ దీనిని 3;2;0 అను గుర్తుతో చెప్పును. 12,34,567 అని చూపుట తెరకు యుక్తము. ఫైలులో కామాయే ఉండరాదు. చెడిన పట్టికను బాగుచేయుటకు మాత్రము రెండు పంక్తులు చాలలేదు. తారుమారగుటకు వీలైన ప్రతి తేదీని విద్యార్థుల చేతివ్రాత నోటుపుస్తకములతో సరిచూడవలసి వచ్చినది. నోటుపుస్తకములను పారవేసిన ఒక విద్యార్థి, ప్రతులున్న ఊరికి పోయి తిరిగి చూచినాడు.

సెట్టింగులను ప్రోగ్రాము మొదలైనపుడు ఒక్కసారి చదివి ఊరకుండుటయు చాలదు. పని జరుగుచుండగనే వాడువాడు తేదీపద్ధతి మార్చవచ్చును, మానిటరు ఊడదీయవచ్చును. డాట్‌నెట్ ఒకసారి చదివిన దేశాచారపు ఏర్పాటులను తనవద్ద దాచికొనును. యూజర్ ప్రిఫరెన్స్ ఛేంజ్‌డ్ అను కబురు వచ్చినపుడు ఆ దాచికొన్నదానిని తుడిచి మరల అడుగవలెను. తెరల మార్పునకు డిస్‌ప్లే సెట్టింగ్స్ ఛేంజ్‌డ్ అను కబురు వేరుగా కలదు. నా ప్రోగ్రాము ఇప్పుడు ఈ రెండింటిని వినును.

ఇతర సిస్టములలో ఈ విషయము ఎట్లున్నదో కొలదిగా చెప్పెదను. మాక్ యంత్రములందు యాప్‌కిట్ లెక్క గ్రాఫుకాగితపు లెక్కయే, సున్న క్రిందిమూలనుండును. యూనిక్సు యంత్రములపై 1987లో వెలువడిన ఎక్స్ 11నందు ప్రోగ్రాము తన స్థానమును కోరవచ్చును గాని, విండోలను నిర్వహించు వేరొక ప్రోగ్రాము ఆ కోరికను మార్చవచ్చును. 2008లో ఆరంభమైన వేలాండ్ ఇంకొక మెట్టు ముందునకు పోయినది. దానియందు సామాన్యమైన విండో తెరపై తానెచ్చటనున్నదో తెలిసికొనలేదు. ఇచ్చట ఉంచుమని చెప్పనులేదు. మొదట ఇది నాకు నిరంకుశముగా తోచినది. మూడు విండోలను ప్రక్కప్రక్కన అమర్చుకొను మావంటివారికి ఇప్పటికిని అది ఇబ్బందియే. అయినను లేని తెరపై విండోను తెరచు అవకాశమే ప్రోగ్రామునకు ఈయకపోవుటలోని న్యాయమును, ఆ విద్యార్థిని చీటీలను చూచిన నేను కాదనలేను.

నా ప్రోగ్రాము పాతప్రతి ఇంకను కొందరియొద్ద ఉన్నది. వారికి విండో కనబడనిచో భయపడి పట్టికను తిరిగి వ్రాయ పనిలేదు. టాస్కుబారుపై ప్రోగ్రాము గుర్తును నొక్కి, ఆల్ట్ మీటతో స్పేస్ మీటను కలిపి నొక్కి, పిదప ఎం అక్షరమును, తరువాత బాణపు గుర్తులలో దేనినైనను ఒకమారు నొక్కవలెను. అప్పుడు మౌసును కదల్చినచో విండో దానిని అంటుకొని తెరపైకి వచ్చును. ఎం నొక్కినను చలనము లేనిచో విండో మడచియున్నదని అర్థము. అదే పట్టీనుండి రిస్టోర్ అనుదానిని ఎన్నుకొని తిరిగి యత్నింపవలెను. తేదీలను దిద్దిన క్రొత్తప్రతి శాఖాగ్రంథాలయమున దొరకును. పాతప్రతితో వ్రాసిన పట్టికలను దానిలోనికి ఎక్కించుటకు ముందు, అవి ఏ యంత్రమున వ్రాయబడినవో విద్యార్థులు నాకు తెలుపవలెను.